అమ్మాయిలు ఆటకు రాకపోవడానికి గల కారణాలు

నేను నింపిన ఫారం ఏ ఆఫీసు నుంచీ వెనక్కి రాలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. అంటే, గొప్పే, కానీ నిజం కూడా. బస్టాండు ఎదురుగా నాది జిరాక్స్ కొట్టు. కాపీలు తీయడం మిషను పని, ఫారాలు నింపడం నా పని. పుట్టిన సర్టిఫికెట్టు దగ్గర్నుంచి పోయిన సర్టిఫికెట్టు దాకా ఈ పేటలో ప్రతి మనిషి కాగితం నా చేతి మీదుగా వెళ్ళాల్సిందే. అందుకే నన్ను అందరూ ఫారం మాస్టారు అంటారు. పిల్లనిచ్చిన మామగారూ అలాగే పిలుస్తాడు, కాకపోతే ఆయన గొంతులో మర్యాద ఓ పాలు తక్కువ.

అలాంటి నా ఫారం ఒకటి వెనక్కి వచ్చింది. అదీ ఫుట్‌బాల్ మూలంగా.

మా పేట ఫుట్‌బాల్ క్లబ్బుకి నేను కార్యదర్శిని. అధ్యక్షుడు డ్రైవర్ బాబాయ్. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇప్పటికీ మీటింగులో ఎవరైనా మధ్యలో లేస్తే "బండి ఆగాక దిగవయ్యా" అంటాడు. కోచ్ వృత్తిరీత్యా ప్లంబరు. పగలు పైపుల్ని, సాయంత్రం పిల్లల్ని ఒకే గొంతుతో తిడతాడు. నీళ్ళ ట్యాంకు వెనకున్న మైదానమే మా ఆస్తి. నలభై మంది మగపిల్లలు, రెండు బంతులు. అందులో ఒకటి మధ్యాహ్నం గాలి కొడితే సాయంత్రం అయిదు దాకా ఉంటుంది, తర్వాత దాని ఇష్టం.

ఇలా ఉండగా, ఆటలకి డబ్బిచ్చే ఓ పెద్ద సంస్థ ప్రకటన వేసింది. ఇంతవరకు మైదానంలో అడుగుపెట్టని పిల్లల్ని ఆటలోకి తెచ్చే చిన్న క్లబ్బులకి మూడేళ్ళ పాటు నిధులిస్తామంది. మా పేటలో మైదానంలో అడుగుపెట్టని పిల్లలంటే ఆడపిల్లలే. పదకొండు మంది అమ్మాయిలతో జట్టు కట్టి చూపించాలి, అందరూ పద్నాలుగేళ్ళ లోపు వాళ్ళు కావాలి.

ఇందులో నా స్వార్థం కూడా ఉంది, దాచడమెందుకు. మా పెద్దదానికి పద్నాలుగు నిండటానికి ఇంకా అయిదు నెలలుంది. దాని కాలిలో ఏదో ఉంది. వంటింట్లో బంగాళాదుంప కిందపడితే అది వంగి తీయదు, కాలితో పైకి లేపి చేత్తో పట్టుకుంటుంది. మేడ మెట్ల కింద నుంచి తంతే బంతి వెళ్ళి సరిగ్గా పై అంతస్తు వాళ్ళ కిటికీ చువ్వకి తగులుతుంది, అద్దానికి ఎన్నడూ తగల్లేదు. దాన్ని జెర్సీలో చూడాలని నాకు ప్రాణం కొట్టుకునేది. ఈ ఏడాది తప్పితే ఇక లేదు. కానీ అది ఆడితేగా! రోజూ నాలుగున్నరకి తమ్ముణ్ణి చంకనేసుకుని మైదానానికి వచ్చేది, గీత బయట నిలబడి ఆరింటి దాకా చూసేది, పోయేది. "ఆడకూడదటే?" అని అడిగితే, "చూస్తున్నాగా నాన్నా" అనేది. సిగ్గు కాబోలు అనుకున్నాను.

ఫారం నింపడానికి కమిటీ నా కొట్లో సమావేశమైంది. కమిటీ అంటే మేం ముగ్గురమే. మొదటి ఆరు గళ్ళూ నల్లేరు మీద నడకలా సాగాయి. ఏడో గడి దగ్గర ఆగాం. "అమ్మాయిలు ఆటకు రాకపోవడానికి గల కారణాలు" అని ఉంది.

"బూట్లు లేవని రాసెయ్," అన్నాడు బాబాయ్.

"మగపిల్లలకి మాత్రం ఉన్నాయేంటి?" అన్నాడు కోచ్.

"అందుకే వాళ్ళకీ కలిపి అడుగు."

నాకు బూట్ల కారణం మరీ బోడిగా అనిపించింది. ఆఫీసు వాళ్ళు చదివితే కళ్ళు తిరగాలి. "సహజమైన బిడియం, క్రీడాసక్తి లేమి, ప్రోత్సాహం కొరవడుట" అని మూడు ముక్కలు గుండ్రటి అక్షరాలతో రాశాను. కోచ్ నోరు వెళ్ళబెట్టాడు. కావలసిన వస్తువుల జాబితాలో బూట్లు, జెర్సీలు, బంతులు అయ్యాక, ఒక వేదిక, ఒక మైకు, ఎనభై కుర్చీలు రాయమన్నాడు బాబాయ్.

"కుర్చీలెందుకు బాబాయ్?"

"అమ్మాయిలు ఆడుతున్నారంటే జనం వస్తారు. వచ్చిన వాళ్ళని నిలబెట్టి తీసుకెళ్ళడం నా ఉద్యోగంలో అయిపోయింది, ఇక చాలు."

రెండు వారాల్లో ఫారం తిరిగి వచ్చింది. ఏడో గడి చుట్టూ ఎర్ర సిరా. పక్కన ఒక్క వాక్యం: "ఇవి మీకెవరు చెప్పారు? అమ్మాయిల్ని అడిగారా?"

నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్న మా ఆవిడకి చూపించాను, కాస్త ఓదారుస్తుందని. ఆవిడ ఆసుపత్రి ల్యాబులో మధ్యాహ్నం షిఫ్టు చేస్తుంది. అన్నం డబ్బా సర్దుకుంటూ చదివి, "అడిగారా మరి?" అంది.

"అడగడానికేముందే, తెలిసిందేగా!"

"ఎవరికి?" అని డబ్బా మూత నొక్కి పెట్టింది. ఆవిడ మాటలు ఎప్పుడూ ఇంతే, రక్తపరీక్ష రిపోర్టులా ఉంటాయి. ఫలితం చెబుతుంది, రోగమేమిటో మనమే వెతుక్కోవాలి.

సరే, అడగాలంటే అడుగుదాం, నాకేం భయం? ఇరవై నాలుగు ప్రశ్నలతో ఓ సర్వే తయారుచేశాను. ప్రతి ప్రశ్నకీ నాలుగు జవాబులు, ఒకదానికి టిక్కు పెట్టాలి. "ఇతర కారణాలు" అనే గడి మాత్రం పెట్టలేదు. అది పెడితే జనం చేతికొచ్చింది రాస్తారు, పేజీ పాడవుతుంది. ఆ సాయంత్రం మైదానం గీత బయట ఎప్పుడూ నిలబడే అమ్మాయిలందరికీ తలా ఒకటి పంచాను. సరిగ్గా పదకొండు మంది ఉన్నారు. అందరూ ఒంటి చేత్తోనే రాశారు. కాగితాలు జారిపోతున్నాయి, రాత కొక్కిరిబిక్కిరిగా వస్తోంది. "రెండో చెయ్యి పెట్టి పట్టుకోవచ్చుగా, ఏం మొద్దు పిల్లలమ్మా మీరు!" అని కసిరాను కూడా. మా పెద్దది నా వంక ఓసారి చూసి, మళ్ళీ తల దించుకుంది.

టిక్కులన్నీ తలో దిక్కున పడ్డాయి. కాగితాల అడుగున, గళ్ళ బయట, ఎవరో ఏదో పెన్సిలుతో గీకారు. గళ్ళ బయట రాసింది లెక్కలోకి రాదు. కాపీలు తీసేటప్పుడు ఆ భాగం రాకుండా కాగితం పైకి జరిపి తీశాను. సర్వే ప్రకారం సిగ్గే ముఖ్య కారణమని తేల్చి పంపాను. ఈసారి ఫారం తిరిగి రాలేదు. దాని బదులు ఉత్తరం వచ్చింది. ఫలానా రోజు మా అధికారి వస్తున్నారు, ఆవిడ ఎదుట మీ అమ్మాయిల జట్టు నలభై నిమిషాలు ఆడాలి అని.

గీత బయట నిలబడే ఆ పదకొండు మందినే జట్టుగా రాసుకుని, ఆ రోజుకి చేయవలసిందంతా చేశాను. మగపిల్లల బూట్లన్నీ తెప్పించి కడిగించాను. అమ్మాయిల పాదాలు చిన్నవి కాబట్టి వాటిలో నా కొట్లో పాడైన కాపీలు ఉండలు చేసి కుక్కాను. కోచ్ గడ్డం గీసుకున్నాడు. బాబాయ్ ఇంటింటికీ తిరిగి పదకొండు కుర్చీలు పోగుచేశాడు, ఎనభై కలలో ఉండిపోయాయి.

అధికారిణి చిన్న కారులో దిగింది. నడివయసు మనిషి, బూట్లు చూస్తే ఒకప్పుడు ఆడిన మనిషేనని తెలుస్తోంది. కుర్చీ వేసినా కూర్చోలేదు. "మొదలుపెట్టండి," అంది.

కోచ్ ఈల వేశాడు. మైదానం ఖాళీగా ఉంది. ఒక పక్క ఎదుటి జట్టుగా పెట్టిన చిన్న మగపిల్లలు ఎగురుతున్నారు. పదకొండు మంది అమ్మాయిలు మాత్రం రోజూ నిలబడే చోటే, గీత బయట నిలబడి ఉన్నారు. కోచ్ మళ్ళీ ఈల వేశాడు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. అధికారి ఎదుట పరువు పోతుంటే ఎవరికి రాదు? చేతులు ఊపుకుంటూ వెళ్ళాను. "ఏంటమ్మా ఇది? పిలుస్తుంటే వినబడదా? ముందు ఆ పిల్లల్ని పక్కన పెట్టి లోపలికి పదండి!"

"ఎక్కడ పెట్టాలండీ?" అంది చివర్లో ఉన్న పిల్ల. ఎదురు మాట్లాడటం కాదు, నిజంగానే అడిగింది.

నేను పక్కకి చూశాను. రాళ్ళు, ముళ్ళకంప, ఆ పక్క లారీలు తిరిగే రోడ్డు. మళ్ళీ అమ్మాయిల వంక చూశాను. ఎన్నాళ్ళుగానో రోజూ చూస్తున్న దృశ్యమే. కానీ నేను అమ్మాయిల్ని లెక్కపెట్టానే గానీ వాళ్ళ చంకల్లో ఉన్నవాళ్ళని లెక్కపెట్టలేదు. ఒకదానికి చంకలో చెల్లెలు, ఒకదానికి వీపున అన్న కొడుకు, ఇంకొకదానికి చెరో చేతికీ వేలాడుతూ కవల తమ్ముళ్ళు. మొత్తం పన్నెండు మంది బుడతలు. అమ్మలందరూ పనికి పోయే పేట మాది. బడి వదలగానే చిన్నవాళ్ళు అక్కల చంకెక్కుతారు, దీపాలు పెట్టే వేళకి దిగుతారు.

అధికారిణి నా వెనకే వచ్చి నిలబడింది. ఇంతలో మా పెద్దది వరసలోంచి బయటికి వచ్చింది. సరాసరి నా దగ్గరికి వచ్చి, తమ్ముణ్ణి చంకలోంచి తీసి, నా చేతుల్లో పెట్టింది.

"కాస్త పట్టుకో నాన్నా."

నేను పట్టుకున్నాను. ఏం చేస్తాను, నా కొడుకే. అది బూట్లు వేసుకుని లోపలికి పరిగెత్తింది. దాంతో మిగతా వాళ్ళకి దారి దొరికింది. క్షణంలో బాబాయ్ ఒళ్ళో కవలలు పడ్డారు, కోచ్ మెడకి ఏడాదిన్నర పిల్ల చుట్టుకుంది. కార్యవర్గం, చూడటానికి వచ్చిన చాకలాయన, రొట్టెల కొట్టాయన, పోస్టుమేను, ఎవరూ తప్పించుకోలేదు. పోస్టుమేను "నాకు డ్యూటీ ఉందండీ" అని నసిగాడు గానీ అప్పటికే ఒకడు ఆయన సంచిలోకి దిగాడు.

ఆ నలభై నిమిషాలు ఎలా గడిచాయో చెబితే అబద్ధమనుకుంటారు. కోచ్ దగ్గరున్న పిల్ల ఈల లాక్కుంది. అది ఊదినప్పుడల్లా మైదానంలో ఆట ఆగిపోయేది. అది నవ్వితే మళ్ళీ మొదలు. బాబాయ్ ఒక కవలని పట్టుకుంటే రెండోవాడు రోడ్డు వైపు పరుగు, వాణ్ణి పట్టుకుంటే వీడు. ముప్పై ఏళ్ళలో ఒక్క ప్రమాదం చేయని మనిషి పావుగంటలో మూడుసార్లు కిందపడ్డాడు. "వీళ్ళకి బ్రేకుల్లేవురా నాయనా!" అని అరుస్తున్నాడు.

నా సంగతి అంతకంటే ఘోరం. మా చిన్నోడికి రెండేళ్ళు. నేను వాణ్ణి ఎత్తుకోవడం అంటే, ఎత్తుకుని రెండు ముద్దులు పెట్టి ఎవరికో ఒకరికి ఇచ్చేయడం. ఇచ్చేయడానికి మనిషి లేకపోతే ఏం చేయాలో నాకు తెలీదు. వాడు ఏడ్చాడు. భుజం మార్చాను. ఇంకా ఏడ్చాడు. బిస్కెట్టు ఇచ్చాను, ఉమ్మేశాడు. "వాడికి కుడి పక్క నిద్రొస్తుంది నాన్నా!" అని మైదానం మధ్యలోంచి పెద్దది బంతి వెంట పరిగెడుతూనే అరిచింది. కుడి పక్కకి మార్చాను. వాడు నిద్రపోలేదు గానీ, ఆ పక్కనే చంకలో ఉన్న క్లబ్బు ఫైలుని, నా చొక్కాని ఒకేసారి తడిపేశాడు.

వాణ్ణి కడగడానికి ట్యాంకు కింద కుళాయి దగ్గరికి పరిగెత్తాను. ఒక చేత్తో వాణ్ణి పట్టుకుని ఇంకో చేత్తో కుళాయి తిప్పుతున్నాను. వెనక మైదానం అంతా ఒక్కసారి హోరెత్తింది.

"ఏమైంది? ఏమైంది?" అని అరిచాను.

"గోలు! మీ పెద్దదే! సగం మైదానం అవతల నుంచి కొట్టింది! చూశావా?" అని బాబాయ్ కేక.

చూడలేదు. నా కూతురు మైదానంలో బంతి తన్నడం అదే మొదటిసారి. అది గోలయింది. నేను కుళాయి దగ్గర గోచీ పిండుతున్నాను. నాకు ఏడుపొచ్చింది. గోలు చూడలేదన్న ఏడుపు కొంత, ఇన్నాళ్ళూ ఏమీ చూడలేదన్న ఏడుపు మిగతాది. మా చిన్నోడు నా మొహం చూసి ఏడుపు ఆపేశాడు.

ఆట అయ్యాక అధికారిణి సర్వే కాగితాలు అడిగింది. కాపీలు ఇచ్చాను. "ఇవి కాదు, అసలువి," అంది. తడిసిన ఫైలులోంచి తీసి ఇచ్చాను. గళ్ళ బయట పెన్సిలు రాతలు ఆవిడ ఒక్కొక్కటే పైకి చదివింది. "తమ్ముడున్నాడు." "చెల్లిని ఎవరు చూస్తారు?" "వదిన వచ్చేసరికి చీకటి పడుతుంది." మా పెద్దదాని కాగితం మీద, "నాన్న కూడా మైదానంలోనే ఉంటాడు" అని ఉంది. అంతే రాసింది. తిట్టినా బాగుండేది.

"వేదిక కొట్టేయండి, మైకు కొట్టేయండి, కుర్చీలు కొట్టేయండి," అంది అధికారిణి. బాబాయ్ కుర్చీల దగ్గర కొంచెం మూలిగాడు. "ఆట జరిగే గంటన్నర పాటు ఈ చిన్నవాళ్ళని చూసుకోవడానికి ఒక మనిషికి జీతం, నీడకి ఒక రేకుల పాక, చుట్టూ కంచె. ఇవి రాయండి. ఇప్పిస్తాను. డబ్బు చేతికి రావడానికి రెండు నెలలు పడుతుంది. ఈలోపు జట్టు రోజూ పదకొండు మందితో ఆడాలి. తగ్గిందా, ఇక నన్ను అడగొద్దు."

ఆవిడ కారు వెళ్ళిపోయాక బాబాయ్ నడుం పట్టుకుని లేచాడు. ఆయన డిపో బుద్ధి మేల్కొంది. "డ్యూటీ చార్టు వేద్దాం. రోజూ నలుగురం చొప్పున. ఎవరు ఏ రోజు, ఎవరి కింద ఏ పిల్ల. ఫారం మాస్టారూ, రాయవయ్యా." ఆ చార్టు రాయడానికి నాకు గంట పట్టింది. గళ్ళు గీసి, పేట మగాళ్ళందరి పేర్లూ ఎక్కించి, ఎదురుగా ఎవరెవరిని చూసుకోవాలో రాసి, నాలుగు కాపీలు తీసి ట్యాంకు గోడకి అంటించాను. చూడముచ్చటగా వచ్చింది.

మర్నాడు నాలుగున్నరకి కొత్త ఫైలుతో మైదానానికి వెళ్ళాను. బాబాయ్ కవలల నడుముకి చెరో తాడు కట్టి, తాళ్ళు రెండూ తన బెల్టుకి కట్టుకుని కూర్చున్నాడు. రొట్టెల కొట్టాయన చేతిలో ఇద్దరు, చాకలాయన వీపున ఒకడు. చార్టు ప్రకారం అంతా సవ్యంగా ఉంది. నాకు ఒళ్ళు పొంగింది.

కోచ్ లోపల్నుంచి కేకేశాడు. "మాస్టారూ, పదిమందే ఉన్నారు! పదకొండో పిల్లేది?"

నేను లెక్కపెట్టాను. పదిమందే. చార్టు చూశాను. పన్నెండు మంది బుడతల్లో పదకొండు మంది పేర్లే ఉన్నాయి. మా చిన్నోడి పేరు ఎవరి ఎదురుగానూ లేదు. నా పేరు అసలే లేదు. కావాలని వదిలేశానంటే కొంత మర్యాదగా ఉండేది. నిజంగానే గుర్తు రాలేదు. రాసేటప్పుడు నా బుర్రలో వాణ్ణి చూసుకోవడానికి మనిషి ఉంది కదా అనే ఉంది.

ఆ మనిషి గీత బయట, రోజూ నిలబడే చోటే నిలబడి ఉంది. తమ్ముడు చంకలో ఉన్నాడు. నా మీద కోపంగా లేదు, మొహం మాడ్చుకునీ లేదు. ఆట మొదలవుతుందేమోనని మైదానం వంక చూస్తోంది.

దాని దగ్గరికి వెళ్ళి చేతులు చాపాను. "ఇలా ఇవ్వు."

అది తమ్ముణ్ణి ఇంకాస్త దగ్గరికి పట్టుకుని నా మొహంలోకి చూసింది. తర్వాత రోడ్డు వంక చూసింది, ఈ కొస నుంచి ఆ కొస దాకా.

"ఇవాళ ఎవరొస్తున్నారు నాన్నా?" అంది.

దానికి పదమూడున్నర ఏళ్ళు, దాన్ని పుట్టినప్పట్నుంచీ ఎరుగుదును.

"ఎవరూ రావట్లేదమ్మా," అన్నాను. "నువ్వెళ్ళి ఆడుకో."

అది నమ్మలేదు. మరోసారి రోడ్డు వంక చూసింది. చిన్నోణ్ణి నా చేతుల్లో పెట్టి, నేను మనసు మార్చుకునేలోగా లోపలికి పరిగెత్తింది. బూట్లు వేసుకోవడానికి కూడా ఆగలేదు.